కరెంటుకు హాజరు వేసిన ఆరేళ్లు: మా ఇన్వర్టర్, బ్యాటరీ రివ్యూ

ఇన్వర్టర్ కొన్న వారానికే రివ్యూ రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. "ప్యాకింగ్ బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది, ఐదు స్టార్లు." ఇన్వర్టర్ సంగతి తెలియాలంటే దాని బ్యాటరీ కనీసం రెండు వేసవులు చూడాలి. నేను వాడుతున్నది ఆరేళ్లుగా. 900 వీఏ సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఒకటి, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే బ్యాటరీ ఎంత దాచుకోగలదో ఆ కొలత) ట్యూబ్యులర్ బ్యాటరీలు రెండు. మొదటి బ్యాటరీ పోయింది, రెండోది నడుస్తోంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజులో దొరికేవన్నీ లోపల ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పైగా మొదటి బ్యాటరీ తొందరగా పోవడంలో కంపెనీ తప్పు పెద్దగా లేదు. సగం నాది, సగం బయట స్తంభం మీది తీగలది.

నేను ఇంట్లో సాయంత్రాలు లెక్కలు, ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. ఆరింటికి మొదలైతే తొమ్మిదింటికి అయిపోతుంది. పద్నాలుగు మంది పిల్లలు, మూడు ట్యూబ్‌లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక కంప్యూటర్. నాకు కరెంటు గట్టిగా కావాల్సింది ఆ మూడు గంటలే. మధ్యాహ్నం పోతే పట్టించుకోను. అర్ధరాత్రి పోతే విసుక్కుని అటు తిరిగి పడుకుంటాను. సాయంత్రం ఏడున్నరకు పోయిందంటే మాత్రం పద్నాలుగు మందీ ఒక్కసారిగా "హో" అని అరుస్తారు. ఆ అరుపులో బాధ ఎంతో, సంతోషం ఎంతో పిల్లలకు చదువు చెప్పినవాళ్లకు తెలుసు.

ఇన్వర్టర్ కొనడానికి ముందు ఏడాదే నాకో అలవాటు పట్టుకుంది. హాజరు పట్టీలో పిల్లల పేర్ల కింద ఖాళీగా ఉన్న వరుసలో "కరెంటు" అని రాసి, దానికి కూడా హాజరు వేసేదాన్ని. ఆరు నుంచి తొమ్మిది దాకా ఉంటే "పి", మధ్యలో పోతే "ఎ", పక్కన ఎన్నింటికి పోయిందో, ఎన్నింటికి వచ్చిందో. మొదట సరదాగానే మొదలుపెట్టాను. ఆ వేసవిలో ఒక నెల పూర్తయ్యాక లెక్క చూస్తే, క్లాసు జరిగిన 25 రోజుల్లో 16 రోజులు "ఎ". ఏ పిల్లవాడైనా అన్ని రోజులు ఎగ్గొడితే వాళ్ల నాన్నకు ఫోన్ చేసేదాన్ని. దీనికి ఎవరికి చేయాలి?

విచిత్రం ఏమిటంటే, రోజు మొత్తం మీద కరెంటు బాగానే ఉంటోంది. సెలవు రోజుల్లో కూర్చుని లెక్కపెట్టాను. 24 గంటల్లో దాదాపు 22 గంటలు ఉంటోంది. నూటికి తొంభై మార్కులు దాటినట్టే కదా! పోయే ఆ రెండు గంటలూ నా క్లాసులోనే పోతున్నాయి. రోజంతా బడిలోనే ఉండి నా పీరియడ్‌కు మాత్రం గోడ దూకే పిల్లవాడి లాంటిదన్నమాట.

సాయంత్రమే ఎందుకు పోతుందంటే, అందరూ ఇళ్లకు చేరి లైట్లు, టీవీలు, ఏసీలు ఒకేసారి వేసేది అప్పుడే. దుకాణాలు కూడా అప్పటికి కట్టేయరు. సోలార్ ప్లాంట్లు ఎక్కువగా ఉన్న చోట, సరిగ్గా వాడకం పెరిగే వేళకే ఎండ తగ్గి వాటి ఉత్పత్తి పడిపోతుంది. కరెంటును బస్తాల్లో నింపి పెట్టుకోలేం. తయారైన క్షణంలోనే ఖర్చయిపోవాలి, లేదంటే బ్యాటరీలోనో, ఎత్తున కట్టిన రిజర్వాయరులోనో దాచుకోవాలి. ఆ దాచుకునే ఏర్పాటు చాలినంత లేని దేశంలో రోజు మొత్తం మీద ఎన్ని యూనిట్లు తయారైనా సాయంత్రం ఏడింటికి చాలకపోవచ్చు.

సరే, ఇన్వర్టర్ సంగతికి వస్తాను.

కొనేటప్పుడు అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను: "ఎన్ని గంటలు వస్తుంది?" షాపులో కుర్రాడు తడుముకోకుండా "ఐదారు గంటలు మేడమ్" అన్నాడు. ఫిజిక్స్ చెప్పే మనిషిని కదా, అక్కడే కాగితం మీద వేసి చూడాల్సింది. ఇంటికొచ్చాక వేశాను. ట్యూబ్‌లైట్లు 60 వాట్లు, ఫ్యాన్లు 150, కంప్యూటర్ 120, రూటర్ 10. మొత్తం 340. ఇన్వర్టర్‌లో పోయేది పోగా బ్యాటరీ నుంచి సుమారు 425 వాట్లు లాగుతుంది. 12 వోల్టుల బ్యాటరీ కాబట్టి 35 ఆంపియర్లు. 150ని 35తో భాగిస్తే నాలుగు గంటల పావు. పోనీ నాలుగు గంటలు వచ్చినా చాలనుకున్నాను. వచ్చింది మూడు గంటలు, అదీ కొత్తలో.

ఆ తేడా మోసం కాదు. బ్యాటరీ మీద 150 ఏహెచ్ పక్కన చిన్న అక్షరాలతో సీ20 అని ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. 20 గంటల పాటు మెల్లగా, 7.5 ఆంపియర్ల చొప్పున తీసుకుంటే 150 ఇస్తానని దాని అర్థం. ఒకేసారి 35 ఆంపియర్లు లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ అంత ఇవ్వదు. కంప్యూటర్ ఆపేస్తే లోడు 220 వాట్లకు దిగి, అదే బ్యాటరీ ఐదు గంటలు దాటించింది. కుర్రాడు చెప్పింది నిజమే, వాడి లెక్కలో మా కంప్యూటర్ లేదంతే.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. కరెంటు పోయినప్పుడు చిన్న "టిక్" శబ్దం, అంతే. పిల్లలు "హో" అనడం మానేశారు. కొందరైతే నిరాశపడ్డారు కూడా. నేను హాజరు వేయడం ఆపేశాను. ఇప్పుడు ఆలోచిస్తే నేను చేసిన పెద్ద పొరపాటు అదే. ఇంట్లో దీపం ఆరకపోతే బయట ఏం జరుగుతోందో తెలియదు.

రెండో వేసవిలో ఒకరోజు రాత్రి తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా ఇన్వర్టర్ బీప్ బీప్ మని మొదలుపెట్టింది, బ్యాటరీ అయిపోవస్తోందని. పిల్లల్ని పంపేసి బాల్కనీలోకి వచ్చాను. ఎదురింట్లో లైట్లు వెలుగుతున్నాయి. పక్కింట్లో టీవీ మోగుతోంది. వీళ్లందరికీ ఇన్వర్టర్లు ఎప్పుడు వచ్చాయా అనుకుని, "ఏమండీ, కరెంటు ఎప్పుడు పోయింది?" అని ఎదురింటావిడను అడిగాను. "పోలేదండీ, సాయంత్రం నుంచీ ఉంది. కాకపోతే డల్‌గా ఉంది" అంది. పైకి చూస్తే నిజమే, వాళ్ల ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత మెల్లగా తిరుగుతోంది.

లోపలికొచ్చి పిల్లలకు ప్రయోగాలు చూపించే డబ్బాలోంచి మల్టీమీటర్ తీసి ప్లగ్గులో పెట్టాను. 168 వోల్టులు. మా ఇన్వర్టర్ మాత్రం దాన్ని కరెంటు కింద లెక్కే వేయకుండా మూడు గంటలుగా బ్యాటరీ మీద ఇల్లు నడుపుతోంది.

దీని వెనుక ఉన్నది ఒక చిన్న స్విచ్చు. ఇన్వర్టర్ వెనకాల, గోడ వైపు, దుమ్ము పట్టి ఉంటుంది. ఒక వైపు యూపీఎస్ అని, రెండో వైపు ఈకో అని రాసి ఉంటుంది. మా మోడల్లో యూపీఎస్ వైపు పెడితే బయటి వోల్టేజ్ 180 నుంచి 260 మధ్య ఉంటేనే కరెంటు వచ్చినట్టు. అది దాటితే, తగ్గితే వెంటనే బ్యాటరీకి మారిపోతుంది. ఈకో వైపు పెడితే 100 నుంచి 290 దాకా ఏది వచ్చినా ఇంట్లోకి వదిలేస్తుంది. బిగించడానికి వచ్చిన మెకానిక్ అబ్బాయి కంప్యూటర్ ఉందని యూపీఎస్ వైపు పెట్టి వెళ్లాడు. అది తప్పూ కాదు, అలా మారితేనే కంప్యూటర్ రీస్టార్ట్ అవకుండా ఉంటుంది. కానీ లో వోల్టేజ్ ఉన్న ఇంట్లో ఆ స్విచ్చు ఆ వైపు ఉంటే రెండు విధాలా నష్టం. బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటుంది, వోల్టేజ్ పెరిగేదాకా ఛార్జింగ్ ఎక్కదు.

మర్నాడు మెకానిక్‌ను పిలిపించాను. అతను మూతలు విప్పి, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ చూసి, "మేడమ్, ఇది రోజూ నిండట్లేదు. నిండని బ్యాటరీ ఎన్నాళ్లు బతుకుతుంది?" అన్నాడు. సగం ఛార్జింగ్‌లోనే రోజుల తరబడి ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టి పొరలా పేరుకుంటుంది. మొదట్లో అది కరుగుతుంది, ముదిరాక కరగదు. మాది ముదిరిపోయింది. బాగా చూసుకుంటే ఐదారేళ్లు రావాల్సిన బ్యాటరీ నాలుగో ఏట సెలవు తీసుకుంది. చివరి నెలల్లో అరగంట కూడా నిలిచేది కాదు.

మెకానిక్ వచ్చి వెళ్లిన రోజు నుంచి హాజరు పట్టీలో మళ్లీ గడి గీశాను. ఈసారి "పి", "ఎ"లే కాదు, వోల్టులు కూడా. ఒక మామూలు రోజు ఇలా ఉంది: మధ్యాహ్నం రెండింటికి 228, సాయంత్రం ఆరున్నరకు 204, ఏడూ నలభైకి 171, రాత్రి పదకొండింటికి 236. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 230 వోల్టుల సరఫరా అటూ ఇటూ పది శాతం, అంటే 207 నుంచి 253 లోపు ఉండాలి. మా ఇంట్లో అది మధ్యాహ్నం, అర్ధరాత్రి సరిపోతోంది. మనుషులు మేలుకుని పనులు చేసుకునే వేళ సరిపోవట్లేదు.

171 అంటే ఏముంది, 230లో మూడొంతులు ఉంది కదా అనిపిస్తుంది. పిల్లలూ అదే అన్నారు. బోర్డు మీద వేయించాను. హీటర్ లాంటి వాటిలో పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది. 171 వర్గాన్ని 230 వర్గంతో భాగిస్తే 0.55. వోల్టేజ్ నాలుగో వంతు తగ్గితే వేడి దాదాపు సగానికి పడిపోయింది. పది నిమిషాల్లో కాగాల్సిన నీళ్లకు పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. పాఠం పుస్తకంలోది చెబితే ఆవలించే పిల్లవాడు ఆ రోజు "అందుకేనా మా ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కదు?" అని లేచి నిలబడ్డాడు. ఫ్రిజ్ సంగతి ఇంకా ఘోరం. హీటర్ ఆలస్యంగానైనా పని చేస్తుంది, ఫ్రిజ్ కంప్రెసర్ అసలు తిరగడమే మొదలుపెట్టలేక "ఊ..." అని మూలిగి, లోపల ఓవర్‌లోడ్ టిక్కుమని ఆగిపోతుంది. ఐదు నిమిషాలకు మళ్లీ మూలుగు. అలా ఒక వేసవి మూలిగితే వైండింగ్ కాలిపోవచ్చు. ఎల్‌ఈడీ లైట్లు మాత్రం చాలావరకు 120 వోల్టులకు కూడా నవ్వుతూ వెలుగుతాయి. అందుకే లో వోల్టేజ్ ఉందని ఈ రోజుల్లో చాలామందికి కంటికి కనబడదు. పాత ఫిలమెంటు బల్బు అయితే ఎర్రగా మారి చెప్పేసేది.

మా వీధిలో అందరూ దీనికి కనిపెట్టిన మందు స్టెబిలైజర్. సాయంత్రం ఏడింటికి బాల్కనీలో నిలబడితే వరసగా ఇళ్లలోంచి టిక్ టిక్ మని వాటి లోపలి స్విచ్చులు, అదే రిలేలు, కొట్టుకోవడం వినబడుతుంది. ఒక్కో ఇంటికి అది మందే, వీధి మొత్తానికి మాత్రం జబ్బు. ఏసీ 1500 వాట్లు లాగాలంటే 230 దగ్గర ఆరున్నర ఆంపియర్లు చాలు. 171 దగ్గర స్టెబిలైజర్ దాన్ని పైకి ఎత్తాలంటే తీగలోంచి తొమ్మిది ఆంపియర్లకు కాస్త తక్కువ లాగాలి. అంటే మూడో వంతు ఎక్కువ. తీగలో ఎంత ఎక్కువ కరెంటు పారితే చివరి ఇంటికి వోల్టేజ్ అంత తగ్గుతుంది, చివరి ఇంటివాళ్లు ఇంకా పెద్ద స్టెబిలైజర్ కొంటారు. తిలా పాపం తలా పిడికెడు. నా ఇన్వర్టర్ కూడా ఆ పాపంలో ఉంది. బ్యాటరీలోంచి ఒక యూనిట్ వాడుకుంటే దాన్ని తిరిగి నింపడానికి తీగలోంచి ఒకటిన్నర యూనిట్ల పైనే తీసుకుంటుంది. అదీ కరెంటు వచ్చిన వెంటనే, అన్ని ఇళ్ల ఇన్వర్టర్లూ, ఫ్రిజ్‌లూ, ఏసీలూ కలిసి ఒకే క్షణంలో లాగే వేళకు. కరెంటు వచ్చిన పది నిమిషాలకే మళ్లీ ఫ్యూజు కొట్టేయడం మీరూ చూసే ఉంటారు. లైన్‌మన్‌ను తిట్టుకుంటాం కానీ అది అతని తప్పు కాదు.

ఇక ఫిర్యాదు కథ. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను. పట్టీ జెరాక్స్ తీసుకుని వెళ్లాను. అక్కడి ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి, కంప్యూటర్‌లో మా ఫీడర్ (మా వైపు కరెంటు తెచ్చే లైను) లెక్కలు తెరిచి, "మీరు చెప్పిన రోజున అసలు అంతరాయమే లేదమ్మా. కరెంటు ఉందిగా?" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. తెర నాకూ చూపించాడు. మా ఇన్వర్టర్ మూడు గంటలు బ్యాటరీ మీద నడిచిన సాయంత్రం అక్కడ సున్నా నిమిషాలుగా ఉంది.

ఆ రాత్రి నుంచే అసలు దీన్ని ప్రపంచంలో ఎలా కొలుస్తారో చదవడం మొదలుపెట్టాను. ఒక్కో వినియోగదారుకు ఏడాదికి సగటున ఎన్ని నిమిషాలు కరెంటు పోయిందో చెప్పే సైడీ, ఎన్నిసార్లు పోయిందో చెప్పే సైఫీ అని రెండు కొలతలు ఉన్నాయి. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన, ఎక్కువగా వాడే 1366 పద్ధతిలో ఐదు నిమిషాల లోపు పోయి వచ్చేవి ఈ రెండింట్లోకీ రావు, వాటికి వేరే లెక్క. వోల్టేజ్ తగ్గడం ఈ రెంటిలో ఎక్కడా ఉండదు. 171 వోల్టులున్నా, 230 ఉన్నా ఈ లెక్కలో "ఉన్నట్టే". ప్రపంచంలో 2023 నాటికి అసలు కరెంటే లేనివాళ్లు 66 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్ల ముందు నా గోడు చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ కనెక్షన్ ఉన్నవాళ్ల జాబితాలో మా వీధిని వేసేసి చేతులు దులుపుకుంటే, ఆ జాబితాకు అర్థం ఏముంది?

నా మొర ముందే విన్నట్టుగా ఒక కొలత దొరికింది. ప్రపంచ బ్యాంకు 2015లో కనెక్షన్ ఉందా లేదా అని మాత్రమే చూడకుండా ఐదు మెట్లు పెట్టింది. ఎంత లోడు మోస్తుంది, రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్నిసార్లు పోతుంది, వోల్టేజ్ వల్ల సామాను ఆగిపోతోందా, ఇలా విడివిడిగా చూస్తారు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఉన్న నాలుగు గంటలకు వేరే గడి ఉంది! మూడో మెట్టుకు రోజుకు 8 గంటలు ఉంటే చాలు, కానీ అందులో 3 గంటలు సాయంత్రం ఉండాలి. ఐదో మెట్టుకు 23 గంటలు, సాయంత్రం నాలుగింటికి నాలుగూ. అన్నిటిలో ఏది తక్కువైతే అదే ఆ ఇంటి మెట్టు. నా పట్టీ పెట్టుకుని చూశాను. మొత్తం గంటల్లో నాలుగో మెట్టు, సాయంత్రం గంటల్లో రెండో మెట్టు. అంటే మా ఇల్లు రెండో మెట్టు మీద ఉంది. ఎవరో తెలియని మనుషులు నా పక్షాన మాట్లాడినట్టు అనిపించింది.

వేరే దేశాల్లో ఏం చేస్తున్నారో కూడా చదివాను. నైజీరియాలో వినియోగదారులను గంటల చొప్పున ఏ నుంచి ఈ దాకా బ్యాండ్‌లుగా విడగొట్టారు. ఏ బ్యాండ్‌కు రోజుకు కనీసం 20 గంటలు, ఈ బ్యాండ్‌కు 4 గంటలు. 2024 ఏప్రిల్‌లో ఏ బ్యాండ్ వాళ్లకు ఛార్జీలు బాగా పెంచారు. ఎక్కువ గంటలు ఇస్తే ఎక్కువ కట్టించుకోవడంలో న్యాయం ఉంది. కానీ ఆ 20లో నా మూడు గంటలు ఉన్నాయో లేదో నాకు తెలియాలి కదా. దక్షిణాఫ్రికాలో 2023లో దాదాపు ఏడాది పొడవునా కోతలు నడిచాయి. అయినా ఏ ప్రాంతానికి ఎన్నింటికి తీస్తారో ముందే టైమ్ టేబుల్ ఇచ్చారు. నాకు అలా ఇచ్చి ఉంటే క్లాసును నాలుగింటికి మార్చుకునేదాన్ని, ఇన్వర్టర్ కొనే అవసరమే వచ్చేది కాదేమో. చెప్పి తీసే రెండు గంటలకీ చెప్పకుండా తీసే అరగంటకీ టెన్షన్‌లో పోలికే లేదు. నేపాల్ కథ వేరు. అక్కడ ఒకప్పుడు చలికాలంలో నదులు ఎండితే రోజుకు 16 గంటల దాకా కోతలు ఉండేవి. 2016లో కుల్మాన్ ఘిసింగ్ విద్యుత్ సంస్థ బాధ్యత తీసుకున్నాక కొద్ది వారాల్లోనే ఖాట్మండు ఇళ్లలో కోతలు ఆగాయి. భారత్ నుంచి దిగుమతి పెరిగిన మాట నిజమే. దాంతో పాటు ప్రత్యేక లైన్ల మీద రాత్రీ పగలూ ఆగకుండా నడిచే ఫ్యాక్టరీలకు సాయంత్రం వేళ తగ్గించి, ఆ కరెంటు ఇళ్లకు మళ్లించారు. కొత్త డ్యామ్ కట్టే లోపే ఉన్నదాన్ని ఎవరికి, ఎప్పుడు అని సర్దడంలోనే చాలా ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

మా వీధికీ సర్దుబాటే దారి చూపించింది. రెండోసారి వెళ్లినప్పుడు "కరెంటు పోతోంది" అని రాయలేదు. పది రోజుల వోల్టేజ్ రీడింగులు, టైముతో సహా మీటర్ ఫొటోలు పెట్టి, "సాయంత్రం 7 నుంచి 9 మధ్య 180 కంటే తక్కువ" అని రాశాను. రసీదు తీసుకున్నాను. మూడు వారాలకు ఒక సాయంత్రం లైన్‌మన్ తీగకు తగిలిస్తే ఎంత కరెంటు పారుతోందో చూపే క్లాంప్ మీటర్ పట్టుకుని వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫేజులూ చూశాడు. మా ఇళ్లన్నీ ఒకే ఫేజు మీద కిక్కిరిసి ఉన్నాయి, మూడో ఫేజు మీద లోడు సగం కూడా లేదు. మర్నాడు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేయడానికి అనుమతి) తీసుకుని కొన్ని ఇళ్ల సర్వీసు వైర్లు విప్పి మూడో ఫేజుకు కలిపాడు. గంటన్నర పని. ఆ రోజు రాత్రి ఏడూ నలభైకి రీడింగు 206. ప్రమాణానికి ఒక వోల్టు తక్కువ. ఆ ఒక్క వోల్టుకు నేను గొడవ పెట్టుకోలేదు.

దీంతో అన్నీ సర్దుకున్నాయని కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పాతదే. ఎండలు ముదిరితే ఇప్పటికీ 190కి దిగుతుంది, గాలివానకు స్తంభాల మీద తీగలను కలిపే జంపర్లు తెగుతాయి. కానీ రెండో బ్యాటరీ వచ్చి రెండేళ్లు దాటింది, హైడ్రోమీటర్ పెడితే ఆరు సెల్స్‌లోనూ ఫుల్ ఛార్జింగ్ చూపిస్తోంది.

కొనబోయేవాళ్లకు నా అనుభవంలోంచి చెప్పేవి. ముందు ఒక వారం సాయంత్రాలు మల్టీమీటర్ పెట్టి చూడండి. వోల్టేజ్ 200 పైన ఉండి అప్పుడప్పుడు పోతుంటే ఇన్వర్టర్ సరైన మందే. 180 కింద ఉంటే మీకు ముందు కావాల్సింది ఇన్వర్టర్ కాదు, అర్జీ. ఇన్వర్టర్ కొన్నా వెనకాల స్విచ్చు ఈకో వైపు పెట్టండి. అలా పెడితే కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అవ్వచ్చు. మాది రెండు మూడుసార్లు అయింది, విసుగొచ్చి ల్యాప్‌టాప్‌కు మారాను. సైన్‌వేవ్ కాకుండా స్క్వేర్‌వేవ్ తీసుకుంటే ఫ్యాన్లు గుయ్‌మంటాయి, ఆ మోతలో పాఠం చెప్పడం నా వల్ల కాదు. నీళ్లు డిస్టిల్డ్‌వే పోయాలి. మా ఆయన ఒకసారి "నీళ్లు నీళ్లే కదా" అని కుళాయి నీళ్లు చెంబుతో తెచ్చారు, సమయానికి చూశాను. బ్యాటరీని గాలి ఆడే చోట పెట్టండి, ఛార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. మా ఎదురింటివాళ్లు మెట్ల కింద అరలో పెట్టి తలుపు వేసేశారు, చెప్పి తీయించాను. పాత బ్యాటరీ తూకానికి యాభై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సీసమే. పగలగొట్టేవాళ్లకు కాకుండా అమ్మినవాళ్లకే తిరిగి ఇవ్వండి.

స్టార్లు వేయమంటే ఇన్వర్టర్‌కు నాలుగు. ఒకటి కోసింది ఆ స్విచ్చు గురించి పుస్తకంలో పద్దెనిమిదో పేజీలో ఒక్క లైను రాసి వదిలేసినందుకు. మొదటి బ్యాటరీకి స్టార్లు వేయను, దాన్ని పరీక్ష రాయనివ్వలేదు నేను. కరెంటుకు ఇప్పటికీ హాజరు వేస్తున్నాను. పోయిన నెల క్లాసు జరిగిన 24 రోజుల్లో 21 "పి", మూడు "ఎ". ఆ మూడింట్లో ఒకటి ముందే చెప్పి తీసింది. దానికి పక్కన "సెలవు చీటీ ఇచ్చింది" అని రాసుకున్నాను.